ఐల్ ఆఫ్ మాన్ ట్రాం కంపెనీ: ఏడేళ్లలో దివాలా, పట్టాలు మాత్రం ఇప్పటికీ అక్కడే

#1 | కట్టమీదిరైలు

ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి ఐల్ ఆఫ్ మాన్. అక్కడ డగ్లస్ ఊరి చివర డెర్బీ కాజిల్ దగ్గర మొదలై, లాక్సీ మీదుగా రామ్‌సీ దాకా వెళ్లే ఎలక్ట్రిక్ ట్రాం లైను ఉంది. పొడవు 28 కిలోమీటర్ల పైచిలుకు, గేజి (రెండు పట్టాల మధ్య దూరం) 3 అడుగులు. 1893 సెప్టెంబరు 7న గ్రౌడిల్ దాకా మొదటి ముక్క తెరిచారు. 1894 జులైకి లాక్సీ, 1899కి రామ్‌సీ ఊళ్లోకి చేరింది. బర్కెన్‌హెడ్‌లో మిల్న్స్ కంపెనీ కట్టి పంపిన 1, 2 నంబరు కార్లు ఈనాటికీ అదే లైను మీద తిరుగుతున్నాయి. పుట్టిన పట్టాల మీదే ఇంకా నడుస్తున్న ట్రాంబండ్లలో ప్రపంచంలో ఇవే పాతవి.

పేర్లతో తికమక పడకుండా ముందే చెబుతున్నా. 1893లో కంపెనీ పేరు ‘డగ్లస్ అండ్ లాక్సీ కోస్ట్ ఎలక్ట్రిక్ ట్రామ్‌వే’. 1894లో ‘ఐల్ ఆఫ్ మాన్ ట్రామ్‌వేస్ అండ్ ఎలక్ట్రిక్ పవర్’ అయింది. ఇప్పుడు అందరూ పిలిచే ‘మాంక్స్ ఎలక్ట్రిక్ రైల్వే’ 1902లో పుట్టిన వేరే కంపెనీ.

నా ప్రశ్న మధ్యలో ఉన్నదాని గురించి. బండ్లు బాగున్నాయి, కరెంటు బాగానే ఉంది, వేసవిలో జనం ఎగబడి ఎక్కారు. మరి 1900లో ఎందుకు మునిగింది?

#2 | లెక్కలమాస్టారు

1894లో మార్చిన పేరు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. ‘డగ్లస్, లాక్సీ’ పోయి ‘ఐల్ ఆఫ్ మాన్’ వచ్చింది. దీవి మొత్తం మింగుదామన్న ఆకలి అది.

అసలు మొదలు ట్రాం కాదు, స్థలాలు. డగ్లస్‌కి ఉత్తరాన హౌస్‌ట్రేక్ ఎస్టేటు అని పెద్ద భూమి. దాన్ని ప్లాట్లుగా అమ్మాలంటే దారి కావాలి. మన వెంచర్ల వాళ్లు ముందు రోడ్డేసి ఆర్చీ కట్టినట్టు, వాళ్లు పట్టాలేశారు. ఈ బేరంలో ముఖ్యుడు అలెగ్జాండర్ బ్రూస్. ఆయన డంబెల్స్ బ్యాంకు జనరల్ మేనేజరు, ట్రాం కంపెనీకి ఛైర్మను కూడా. అప్పు ఇచ్చే కుర్చీలోనూ ఆయనే, పుచ్చుకునే కుర్చీలోనూ ఆయనే.

ఇక వరస చూడండి.

1894: డగ్లస్ బీచి రోడ్డు మీద 1876 నుంచి నడుస్తున్న గుర్రపు ట్రాంను కొన్నారు. ఎత్తున ఉన్న పై డగ్లస్‌కి కూడా ట్రాం వేయాలన్న షరతు దాంతో పాటు నెత్తిన పడింది.

1895: లాక్సీ నుంచి స్నేఫెల్ కొండ ఎక్కే లైను. దీన్ని కట్టింది కంపెనీ కాదు. లోపలివాళ్లే విడిగా ఒక అసోసియేషన్ పెట్టి, ఏడు నెలల్లో కట్టి, అదే ఏడు చివర్లో తమ కంపెనీకే అమ్మారు. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకడే అయినచోట ధర ఎవరు తేలుస్తారు?

1896: షరతు ప్రకారం పై డగ్లస్‌లో కేబుల్ ట్రాం.

1898-99: లాక్సీ నుంచి రామ్‌సీ దాకా కొండ అంచుల మీద లైను. పక్కన హోటళ్లు, రాతి క్వారీ, కరెంటు అమ్మకం.

అంటే ఆరేళ్లలో గుర్రం, కేబుల్, కరెంటు, కొండ బండి, నాలుగూ ఒకే గొడుగు కింద చేరాయి. ప్రతి ముక్కకీ యంత్రాలు వేరు, షెడ్డు వేరు, పనివాళ్లు వేరు. ఆదాయమేమో ఇంగ్లండులోని లంకషైరు మిల్లుల కార్మికులు సెలవులకొచ్చే నాలుగు నెలలు. వడ్డీకి మాత్రం చలికాలం సెలవు లేదు. లోటంతా డంబెల్స్ ఓవర్‌డ్రాఫ్టు మీద నడిచింది. 1900 ఫిబ్రవరి 3న బ్యాంకు తలుపులు మూసింది. కంపెనీ లిక్విడేటరు (దివాలా ఆస్తులు అమ్మి అప్పులు తీర్చేవాడు) చేతికి పోయింది. బ్రూస్ మీద కేసు పెట్టారు, విచారణకు రాకముందే ఆ ఏడే చనిపోయాడు. దీవిలో చిన్న చిన్న కొట్లవాళ్లు ఎంతోమంది ఆ బ్యాంకుతో పాటు మునిగారు.

లిక్విడేటరు ముక్కలు విడదీసి అమ్మాడు. గుర్రం, కేబుల్ డగ్లస్ కార్పొరేషన్‌కి. తీరం లైను, కొండ లైను 1902 కంపెనీకి.

#3 | తీగలాగు

మాస్టారి లెక్క సరే గానీ ‘కరెంటు బాగానే ఉంది’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 500 వోల్టుల డి.సి.తో 28 కిలోమీటర్లు లాగడం పిల్లాట కాదు.

ఒక కారుకి నాలుగు మోటార్లు, ఒక్కోటి 25 హార్స్‌పవర్ అనుకోండి (1899 నాటి వింటర్ సెలూన్లు అలాంటివే). మొత్తం 100 హెచ్.పి., అంటే దాదాపు 75 కిలోవాట్లు. 500తో భాగిస్తే 150 ఆంపియర్లు. తీగ 107 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుంటే కిలోమీటరుకి 0.16 ఓమ్. పవర్‌హౌసుకి 10 కిలోమీటర్ల దూరాన కారు ఎక్కుడు ఎక్కుతుంటే 150 × 1.6 = 240 వోల్టులు దారిలోనే ఆవిరి. కారుకి అందేది 260. వెనక ట్రైలరు ఉంటే బండి నత్తనడక. రెండో కారు అదే సెక్షన్‌లోకి వస్తే రెండూ నిలబడతాయి. ఇది పట్టాల్లో పోయే నష్టం కలపకుండానే.

అందుకే వాళ్లు డెర్బీ కాజిల్, లాక్సీ, బల్లాగ్లాస్‌లలో మూడు ఆవిరి పవర్‌హౌసులు పెట్టారు. మధ్యలో బ్యాటరీ గదులు. లెడ్-యాసిడ్ సెల్లు 2 వోల్టులు కాబట్టి 500కి 250 సెల్లు వరసగా కట్టాలి. కార్లు తక్కువున్నప్పుడు నిండి, పండగ రద్దీలో ఇస్తాయి. కానీ 250 జాడీల్లో ఒక్కటి ఎండినా వరస మొత్తం దెబ్బతింటుంది. నీళ్లు పోయడం, యాసిడ్ సాంద్రత చూడటం, పలకలు మార్చడం చలికాలంలో కూడా తప్పదు. మూడు చోట్ల బాయిలరు మనుషులు, మూడు చోట్లకీ బొగ్గు. బొగ్గు దీవిలో దొరకదు, ఓడలో రావాలి.

1902 కంపెనీ వచ్చాక చేసిన మొదటి పెద్ద పని ఈ తలనొప్పి తీసేయడమే. ఉత్పత్తి ఒక్క లాక్సీలో పెట్టి, హై వోల్టేజి ఎ.సి.గా పంపి, దారిలో సబ్‌స్టేషన్లలో రోటరీ కన్వర్టర్లతో డి.సి. చేశారు. దూరం ఎ.సి. మోస్తుంది, చివరి నాలుగైదు కిలోమీటర్లే డి.సి. మొదటి కంపెనీ 1893లోనే ఆ పని ఎందుకు చేయలేదంటే, అప్పటికి రోటరీ కన్వర్టరు నమ్మదగ్గ యంత్రం కాలేదు. వాళ్ల తప్పనలేం.

#4 | బొమ్మలబండి

తీగలాగు గారూ, 1894 నాటి కారు నమూనా కడుతున్నాను. పాత చిత్రాల్లో కారు పైన పోల్ లేదు, రెండు ఇనుప చట్రాల్లాంటివి నిలబడి ఉన్నాయి. అవేమిటి? తర్వాత ఎందుకు తీసేశారు?

#5 | తీగలాగు

వాటిని హాప్కిన్సన్ బో కలెక్టర్లంటారు. ఎడ్వర్డ్ హాప్కిన్సన్ డిజైను, మాథర్ అండ్ ప్లాట్ తయారీ. కారుకి ఒక్కో చివర ఒకటి. మామూలు ట్రాంలో స్ప్రింగు పోల్‌ని పైకి నెట్టి తీగని పట్టుకుంటుంది. ఇందులో తల్లకిందులు. తీగని వదులుగా, వేలాడేలా కడతారు. బండి మీది అడ్డకమ్మీ దాన్ని కొంచెం ఎత్తుకుంటూ పోతుంది. ఒత్తిడి తీగ బరువుది. రెండు స్తంభాల మధ్య తీగ ఎత్తు మారుతుంది కాబట్టి ఒక విల్లు వదిలేసినా రెండోది పట్టుకునే ఉంటుంది.

లాభాలు: టెర్మినస్‌లో తిప్పక్కర్లేదు. చక్రం కాదు కాబట్టి తీగ తప్పి పడటం ఉండదు. పాయింట్ల దగ్గర, అంటే లైను చీలేచోట, తీగకి ‘ఫ్రాగ్’ (చక్రాన్ని సరైన తీగ మీదికి మళ్లించే ముక్క) అక్కర్లేదు.

నష్టం: తీగ ఎప్పుడూ ఒకేచోట ఒరిస్తే కమ్మీలో గాడి పడుతుంది, అందుకని తీగని స్తంభానికో పక్కకి వంకరగా లాగాలి. స్పీడు పెరిగేకొద్దీ వదులు తీగ ఊగి నిప్పురవ్వలు కొడుతుంది. రామ్‌సీ పొడిగింపు నాటికి తీరం లైన్లో పోల్, చక్రం వచ్చేశాయి. స్నేఫెల్ కొండ లైన్లో మాత్రం ఈ రోజుకీ విల్లులే. అక్కడి గాలికి పోల్ నిలవదు.

మీ నమూనాకి: స్తంభాల మధ్య తీగని బిగించి లాగొద్దు, కొద్దిగా జారనివ్వండి. బిగిస్తే అది 1894 లైను కాదు.

#6 | చెన్నపట్నంచంద్రం

మద్రాసు మాట రాకుండా ఈ చర్చ సాగితే ఎలా? మన పట్నం ట్రాం 1895 మే 7న మొదలైంది, దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాం. మాంక్స్ లైనుకి సరిగ్గా ఇరవై నెలలు చిన్నది. కానీ తీగ పైన కాదు, భూమిలో పెట్టారు. కాండ్యూట్ పద్ధతి.

రెండు పట్టాల మధ్య సన్నని చీలిక. దాని కింద కాలువ, మూణ్ణాలుగు అడుగులకో ఇనుప చట్రం, కాలువలో రెండు వాహక కమ్మీలు. కారు అడుగు నుంచి ‘ప్లవ్’ అనే పలక చీలికలోంచి దిగి కరెంటు తీసుకుంటుంది. రానూ పోనూ రెండూ కాలువలోనే కాబట్టి పట్టాల్లో కరెంటు ఉండదు, పక్కనున్న నీళ్ల పైపులు తుప్పు పట్టవు. వీధిలో స్తంభాలూ ఉండవు. కాగితం మీద అద్భుతం. ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి తెలిసింది. సముద్రమట్టానికి ఏ కొద్దో ఎత్తున్న ఊళ్లో కాలువ తవ్వితే నీళ్లు పోయే చోటెక్కడ? చీలికలోంచి వాన, దాంతో మట్టి, పేడ, గడ్డి. బురద కమ్మీని తాకగానే షార్టు. దాంతో పైతీగకి మారక తప్పలేదు. ఒకే లైనుకి రెండు పెట్టుబడులు. తర్వాత చేతులు మారిన కంపెనీ పేరులోనే ‘(1904)’ అని ఏడు చేర్చి రాసేవారు.

1921లో అత్యధికంగా 97 కార్లు, 24 కిలోమీటర్లు. 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టడానికి ఆరు నెలల ముందు. పట్నం ఎవరిదని కొట్టుకుంటున్న రోజుల్లోనే, పట్నం ట్రాం ఎవరిదీ కాకుండా పోయింది.

#7 | కట్టమీదిరైలు

> 24 కిలోమీటర్లు

అంటే పొడవులో మాంక్స్ కంటే నాలుగు కిలోమీటర్లే తక్కువ. జనం పదుల రెట్లు. మద్రాసుది పోయి, గొర్రెల మధ్య తిరిగే లైను నిలబడిందంటే లెక్క ఎక్కడో తిరగబడింది.

#8 | లెక్కలమాస్టారు

తిరగబడింది నేల దగ్గర. మద్రాసులో పట్టాలు వీధి మధ్యన. బ్రిటిష్ ట్రామ్‌వే చట్టం (1870) ప్రకారం రెండు పట్టాల మధ్య భాగం, బయట చెరో 18 అంగుళాలు రోడ్డు బాగుచేసే ఖర్చు కంపెనీదే. పైగా 21 ఏళ్ల తర్వాత ఊరి పాలక సంస్థ లైను కొనేసుకోవచ్చు, గుడ్‌విల్లు (వ్యాపారానికి ఉన్న పేరు విలువ) కలపకుండా, ఆ రోజు ఇనుము ధరకి. ఏ కంపెనీ అయినా 15వ ఏట నుంచి కొత్త పట్టా వేయడానికి చేతులు ముడుచుకుంటుంది. మన 1886 ఇండియన్ ట్రామ్‌వేస్ యాక్టు ఆ అచ్చులో పోసిందే. ఎద్దుబండ్లు, లారీలు, తర్వాత బస్సులు ఆ భాగం మీదే నడుస్తాయి, పైసా కట్టవు. ట్రాం కంపెనీ తన పోటీదారుకి రోడ్డు వేసి పెడుతుంది.

మాంక్స్ లైను చూడండి. రోడ్డు పక్కనే పోతుంది గానీ రోడ్డులో కాదు. మొదట్నుంచీ సొంత కట్ట, సొంత నేల, రోడ్లు దాటేచోట మాత్రమే లెవెల్ క్రాసింగు. ప్లాట్లు అమ్ముకునేవాళ్ల లైను కదా, నేల వాళ్లదే. పట్టాల మధ్య కంకర, చెక్క స్లీపర్లు. రోడ్డు తవ్వకుండా నలుగురు గ్యాంగుమన్లు స్లీపరు మార్చేయొచ్చు. అదే పని మౌంట్ రోడ్డులో చేయాలంటే రాళ్లు లేపి, కాంక్రీటు పగలగొట్టి, పని రాత్రిళ్లు చేయాలి.

#9 | గార్డుపెట్టె

అంత సునాయాసం కూడా కాదు మాస్టారూ. సొంత కట్ట అంటే కొండ అంచు కూడా సొంతమే. బల్గమ్ బే దగ్గర లైను సముద్రానికి 180 మీటర్ల ఎత్తున కొండని చెక్కి వేశారు. 1967 జనవరిలో అక్కడ పట్టాల కింది రాతి గోడ జారింది. లైను రెండు ముక్కలు. అటు కార్లు అటే, ఇటు కార్లు ఇటే. గోడ మళ్లీ కట్టి కలిపేసరికి జులై. రోడ్డులో ఉన్న ట్రాంకి ఆ గోడ ప్రభుత్వ ఖర్చు అయ్యేది.

ఆ నాటికి ఖర్చు ప్రభుత్వానిదే అనుకోండి. 1957 జూన్‌లో కంపెనీ ఇక మా వల్ల కాదంటే దీవి ప్రభుత్వం 50,000 పౌండ్లకి కొనేసింది. 1975 సెప్టెంబరు చివర లాక్సీ-రామ్‌సీ భాగం ఆపేశారు కూడా. జనం గోలపెట్టారు, ఎన్నికల్లో అదే మాట. 1977 వేసవికి మళ్లీ నడిచింది. నేల ఒక్కటే కాపాడిందంటే ఒప్పుకోను. ఓట్లు కూడా కాపాడాయి.

#10 | లెక్కలమాస్టారు

ఒప్పుకుంటున్నా. ఒక్కటి: 1975లో మూసినప్పుడు పట్టాలు పీకలేదు. రోడ్డు మధ్యన ఉంటే ఆ రెండేళ్లలో తారు పోసేసేవారు. ఓటు పనిచేయడానికి లైను మిగిలి ఉండాలి కదా.

#11 | మెట్టుపాళెం

స్నేఫెల్ లైను గురించి రెండు ముక్కలు, ఊటీ బండితో పోలిస్తే బాగా తెలుస్తుంది.

ఊటీ లైన్లో మెట్టుపాళెం దాటాక ఎక్కుడు దాదాపు 12 అడుగులకి 1 అడుగు. అందుకని మధ్యలో పళ్ల పట్టా (ఇంజను పంటి చక్రం పట్టుకుని ఎక్కేది). స్నేఫెల్‌లోనూ ఎక్కుడు 12కి 1, కానీ పళ్లు లేవు. ఎలా? ఆవిరి ఇంజనులో లాగే చక్రాలు కొన్నే, వెనక పెట్టెలు చచ్చు బరువు. స్నేఫెల్ కారులో నాలుగు ఇరుసులకీ నాలుగు మోటార్లు, కారు బరువు మొత్తం లాగే చక్రాల మీదే. 12కి 1 అంటే బరువులో 8.3 శాతం లాగుడు కావాలి. పొడి పట్టా మీద ఉక్కు చక్రం పట్టు 20 శాతం పైనే, తడి జిడ్డు ఉంటే 10కి పడిపోవచ్చు. ఎక్కడానికి చాలు. దిగేటప్పుడు ఆపడానికి ఆ మిగులు చాలదు.

అందుకే మధ్యలో మూడో పట్టా, ఫెల్ పట్టా. అడ్డంగా పడుకోబెట్టిన రెండు తలల పట్టా. కారు కింద పటకారులాంటి బ్రేకు దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. ఈ పట్టు కారు బరువు మీద ఆధారపడదు, నొక్కే చేతి మీద ఆధారపడుతుంది. ఫెల్ పద్ధతిలో మామూలుగా మధ్య పట్టాని పట్టుకుని లాగే పక్కచక్రాలు కూడా ఉంటాయి. ఇక్కడ అవి అవసరం పడలేదు. ఈ బ్రేకు సామానుకి జాగా కావాలనే కొండ లైను గేజి 3 అడుగుల 6 అంగుళాలు. తీరం లైను 3 అడుగులు. లాక్సీలో రెండూ పక్కపక్కన నిలబడతాయి, కలవవు.

పటకారుతో 8 కిలోమీటర్లు దిగితే బ్రేకు దిమ్మలు కరిగిపోతాయి. 1970ల చివర జర్మనీ ఆకెన్ నగరంలో తీసేసిన ట్రాంల మోటార్లు తెచ్చి బిగించాక రియోస్టాటిక్ బ్రేకింగు వచ్చింది: దిగేటప్పుడు మోటారు డైనమోలా తిరుగుతుంది, పుట్టిన కరెంటు పైకప్పు మీది రెసిస్టెన్సుల్లో వేడిగా పోతుంది. అప్పటి నుంచి ఫెల్ బ్రేకు నిలబెట్టడానికి, ప్రమాదానికి. అయినా కొండ కొండే. 2016 మార్చిలో శిఖరం మీద నిలిపిన 3వ నంబరు కారు ఖాళీగా దొర్లిపోయి, పట్టా తప్పి ముక్కలైంది. లోపల ఎవరూ లేరు.

ఇంకోటి, చలికాలం ముందు కొండ పై భాగంలో తీగని విప్పేస్తారు. మంచు పేరుకుంటే తీగ తెగుతుంది, స్తంభాలు వంగుతాయి. వసంతంలో మళ్లీ కట్టుకుంటారు.

#12 | బొమ్మలబండి

నా నమూనాకి ఏ నంబరు వేయాలో కూడా చెప్పండి. 4 వేద్దామనుకున్నా.

#13 | గార్డుపెట్టె

1894 కారే కాబట్టి 4 తప్పు కాదు. 4 నుంచి 9 దాకా ఆ ఏడు వచ్చినవే. కానీ బతికున్న కారు చూసి కొలతలు సరిచూసుకోవాలంటే 5, 6, 7, 9లో ఒకటి తీసుకోండి. 1930 ఏప్రిల్‌లో లాక్సీ షెడ్డు తగలబడినప్పుడు 3, 4, 8, 24 నంబరు మోటారు కార్లు, ఏడు ట్రైలర్లు బూడిదయ్యాయి. ఒక జాగ్రత్త: ఇప్పుడున్న కార్లకి పోల్, ఎయిర్ బ్రేకు ఉన్నాయి. 1894 రూపం కావాలంటే రెండూ తీసేయాలి. 1957 తర్వాత కొన్నాళ్లు వేసిన ఆకుపచ్చ-తెలుపు రంగు చిత్రాలు చూసి మోసపోకండి, జనం తిట్టుకుంటే మళ్లీ పాత రంగులకే వచ్చారు.

సరుకు బండి కూడా కడతారేమో, బోనర్ వ్యాగను కట్టండి. 1899లో కంపెనీ మూడు తెప్పించింది. పట్టా చక్రాలూ రోడ్డు చక్రాలూ రెండూ ఉంటాయి. ర్యాంపు మీదికి తోస్తే బరువు ఒక చక్రాల నుంచి ఇంకోవాటికి మారుతుంది, గుర్రం కట్టి ఊళ్లోకి తోలుకుపోవచ్చు. సరుకు దించి ఎక్కించే కూలీ మిగులుతుంది.

#14 | బొమ్మలబండి

బోనర్ మీద మనసు పడింది. స్కేలు 1:76 వేస్తే ఏ పట్టా వాడాలి? లాక్సీ స్టేషను కూడా కట్టి రెండు గేజిలూ చూపించాలని ఉంది. కొండ లైను కట్టేటప్పుడు 3 అడుగుల ఆవిరి ఇంజను తెచ్చి, అదనపు పట్టా వేసి నడిపారట కదా, అది కూడా.

#15 | గార్డుపెట్టె

అవును, దీవిలోని ఆవిరి రైలు కంపెనీ మాంక్స్ నార్తర్న్ వాళ్ల ‘కాలెడోనియా’ ఇంజను. 1:76లో అడుగుకి 4 మిల్లీమీటర్లు. 3 అడుగుల లైను 12 మి.మీ., కొండ లైను 14 మి.మీ. 12కి బజారులో దొరికే టి.టి. రకం నమూనా పట్టా సరిపోతుంది, కానీ స్లీపర్ల వరస దగ్గరగా ఉంటుంది, కోసి దూరం జరపాలి. 14 మి.మీ. బజారులో దొరకదు, రాగిపూత బోర్డు ముక్కలు స్లీపర్లుగా పెట్టి పట్టాలు సోల్డర్ చేసుకోవాలి. చేసినప్పుడు ప్రతి స్లీపరు మీదా రాగిపూతని మధ్యలో గీకి తెంపండి, లేకపోతే రెండు పట్టాలూ షార్టు.

అదనపు పట్టా మాత్రం నడిచే నమూనాలో వద్దు. అసలులో రెండు గేజిలకీ తేడా 6 అంగుళాలు, మీ దగ్గర అది 2 మి.మీ. పట్టా తల మందం దాదాపు 1 మి.మీ. పోగా మిగిలిన సందు 1 మి.మీ. బజారు చక్రం అంచు అందులో ఇరుక్కుని ఎక్కి పడుతుంది. కాలెడోనియాని కదలకుండా నిలబెట్టి, అది నిలబడే మేర మాత్రమే అదనపు పట్టా అతికించండి.